నల్ల బురద ఎక్కడిది? విశాఖ తీరంలో ఒక సముద్రపు అడుగు కేసు

ఈ కేసులో ఊరి పేరు, సంస్థల పేర్లు, కచ్చితమైన చోటు కావాలనే వదిలేశాను. ఆ ఊరివాళ్లు ఇంకా అదే నీళ్ల మీద బతుకుతున్నారు. వాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చున్న కాంట్రాక్టరు కూడా ఇంకా ఈ తీరంలోనే పని చేస్తున్నాడు. వాళ్ల మధ్య కుదిరిన ఒప్పందం చెడిపోవడం నాకు ఇష్టం లేదు. అయినా రాస్తున్నానంటే, రాసి పెట్టకపోతే సముద్రపు కాలుష్యాన్ని పరీక్షించే మా పనిలో ఉన్న ఇంకొకరు మేం ఏడాది పోగొట్టుకున్న చోటే మళ్లీ ఏడాది పోగొట్టుకుంటారు. సముద్రం పాడైందని ఎవరైనా వస్తే మేం మొదట చేసే పని సీసాలో నీళ్లు పట్టడం. ఇక్కడ నీళ్లు బాగున్నాయి, అడుగే చచ్చిపోయి ఉంది.

నేపథ్యం

విశాఖ దగ్గర సముద్రపు అడుగు చాలా కాలంగా మనిషి చెయ్యి పడుతున్న నేల. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడిని తవ్వి లోపలి హార్బర్‌ని 1933లో తెరిచారు. బయటి హార్బర్ 1976లో వచ్చింది. ఈలోగా 1957లో రిఫైనరీ, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి. ఆ తర్వాత స్టీల్ ప్లాంటు, థర్మల్ ప్లాంటు, పరవాడ ఫార్మా, గంగవరం పోర్టు వచ్చాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఒడ్డు వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దానికి అడ్డంగా రాతి గోడలు కడితే ఒక పక్క ఇసుక పేరుకుంటుంది, ఇంకో పక్క ఒడ్డు కోసుకుపోతుంది. కాబట్టి ఓడల దారిలో పూడిక తవ్వకం ఆగదు. తవ్విన ఇసుకలో కొంత ఆర్కే బీచ్‌కి పంపు చేస్తారు. బురదను మాత్రం సముద్రంలో కేటాయించిన చోటికి తీసుకెళ్లి వదలాలి.

ఈ అడుగు గురించి చదవడం కూడా మన దగ్గర కొత్త కాదు. హార్బర్ అడుగున కాపిటెల్లా కాపిటాటా అనే సన్నటి ఎర్ర పురుగు విపరీతంగా పెరగడం కాలుష్యానికి గుర్తని ఆంధ్రా యూనివర్సిటీలో పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970ల్లోనే చూపించారు. కరీబియన్ ప్రాంతం నుంచి ఓడలకి అంటుకుని వచ్చిన మైటిలోప్సిస్ సాలీ అనే చిన్న ఆల్చిప్ప 1967 నాటికే విశాఖ హార్బర్‌లో కనబడింది. అది హార్బర్ గోడలకీ, స్తంభాలకీ, పడవల అడుగుకీ గుత్తులుగా అతుక్కుని బతుకుతుంది. ఈ ఆల్చిప్ప మాట గుర్తుంచుకోండి, కేసులో పనికొచ్చింది.

ఫిర్యాదు

ఒక ఫిబ్రవరి ఉదయం ఊరి పెద్దలు ఐదుగురు, చేపలమ్మే ఆడవాళ్లు ఇద్దరు మా ఆఫీసుకి వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకావిడ స్టీలు క్యారియర్ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. గదంతా కుళ్లిన గుడ్డు వాసన. లోపల నల్లగా, వెన్నలా మెత్తటి బురద.

"పీతల వలకి ఇదే అంటుకొస్తంది. పీతలు లేవు. కడగలేక వలలు ఒడ్డున పారేస్తన్నారు" అంది.

చోటు పదిహేను బారల లోతు, అంటే దాదాపు 27 మీటర్లు. అక్కడ అంతకుముందు గుల్లలు కలిసిన ఇసుక నేల ఉండేదట. మూడు చుక్కల పీతలకీ, గొరకలకీ, టేకు చేపలకీ అది పేరుపడ్డ చోటు. రెండు వానాకాలాల కిందట మొదలైంది. ఎవరి పనో వాళ్లకి అనుమానమే లేదు: ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ పైపు. నల్లటిది ఏదొచ్చినా కంపెనీ నుంచే వస్తుందని వాళ్ల నమ్మకం. అప్పటికి నా నమ్మకమూ అదే.

పెద్దాయన ఒకరు చివర్న కూర్చున్నారు. డెబ్బై దాటి ఉంటుంది వయసు. అందరూ పైపు గురించి మాట్లాడుతుంటే ఆయన ఒక్క మాటే అన్నారు. "నీరు బాగానే ఉన్నాది అమ్మా. అడుగే సచ్చిపోనాది." ఆ మాటని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాని ప్రకారం పని చేయడానికి మాత్రం నెలలు పట్టింది.

తప్పిన ప్రయత్నాలు

మొదట నీళ్లు. పైపు చివర నుంచి ఆ చోటు దాకా వరసగా నమూనాలు పట్టాం. కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా, నూనె, లోహాలు అన్నీ చూశాం. చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు. ఆ రిపోర్టు పట్టుకుని ఊరికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. "అయితే మేం అబద్ధం చెబుతున్నామా?" అని కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే. తీరంలో నీరు నిలబడదు. ఈ రోజు పట్టిన నీరు రేపటికి ఎక్కడో ఉంటుంది. రెండేళ్ల కిందట జరిగినదానికి ఇవాళ్టి నీళ్లని సాక్ష్యం అడిగితే ఏం చెబుతాయి?

తర్వాత గ్రాబ్ దింపాం. అడుగును దోసిలితో ఎత్తినట్టు పదో వంతు చదరపు మీటరు నేలని పట్టుకొచ్చే ఇనుప దవడలు అవి. బురదను అర మిల్లీమీటరు జల్లెడలో కడిగి, మిగిలిన జీవాలను ఫార్మలిన్‌లో పెట్టి లెక్కపెట్టాం. చెడిన చోట జీవాలు దాదాపు లేవు. పోల్చడానికి తీసుకున్న చోట పుష్కలంగా ఉన్నాయి. నేను సంతోషంగా డ్రాఫ్టు రాసేశాను. మా సీనియర్ ఒకాయన చదివి ఒక్కటే అడిగారు, పోల్చిన చోటు లోతెంత అని. ఎనిమిది బారలు. అక్కడ నేల శుభ్రమైన ఇసుక. ఇసుకలో బతికే జీవాలు వేరు, బురదలో బతికేవి వేరు. లోతు మారితే అలల తాకిడి మారుతుంది, జీవాలూ మారతాయి. కాలుష్యం ఏమీ లేకపోయినా ఆ తేడా వచ్చి ఉండేదే. ఆ డ్రాఫ్టు పనికిరాకుండా పోయింది.

మూడో తప్పు అన్నిటికంటే ఖరీదైనది. ఊళ్లో అసహనం పెరుగుతోంది, ఏదో ఒకటి చేసి చూపించమంటున్నారు. చేపలు చేరడానికి కాంక్రీటు దిమ్మలు దింపుదామని ఒక ప్రతిపాదన వచ్చింది, నిధి కూడా దొరికింది. నేను ఒప్పుకున్నాను. గట్టి నేల మీద కృత్రిమ రీఫ్‌లు పని చేస్తాయి, ఆ మాట నిజమే. కానీ మా చోటు గట్టి నేల కాదు. మరుసటి సీజన్లో డైవర్ దిగి చూస్తే దిమ్మలు సగానికి పైగా బురదలోకి దిగిపోయి ఉన్నాయి. రోగం ఏమిటో తెలియకుండా మందు వెయ్యకూడదని ఎవరూ నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒత్తిడికి లొంగాను. ఆ దిమ్మలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాటికి వలలు చిక్కుకుంటున్నాయి.

మళ్లీ మొదటికి

అప్పుడు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అదే లోతులో, అంతకుముందు అదే రకం నేల ఉండి, ఇప్పటికీ చెడని చోట్లు చూపించగలరా అని అడిగాను. తెల్లవారుజామున ఆయన మనవడి బోటు మీద బయల్దేరాం. తాత చేతిలో ఒక తాడు, దాని చివర సీసపు గుండు. గుండుని అడుక్కి వదిలి, తాడుని చూపుడు వేలి మీద వేసుకుని రెండుసార్లు ఎత్తి దించేవారు. కళ్లు మూసుకునేవారు. ఇసుక మీద గుండు "టక్" మంటుందట. గుల్లల మీద గరగరలాడుతుంది, బురదలో అయితే దిగబడి, లాగుతుంటే వదలనంటుంది. నా వేలి మీద కూడా వేయించారు. మొదటి అయిదు సార్లు నాకేమీ తెలియలేదు. ఆరోసారి, గుల్లల మీద పడినప్పుడు, పళ్లెంలో కంకర కదిపినట్టు సన్నటి వణుకు వేలికి తగిలింది.

ఆ పూట ఆయన మూడు చోట్లు చూపించారు. తర్వాత ల్యాబులో రేణువుల పరిమాణం కొలిస్తే మూడూ సరిపోయాయి. మా పనిలో వాటిని కంట్రోల్ చోట్లంటాం. ఒకటి చాలదు, కనీసం రెండు మూడుండాలి. ఒక్కటే ఉంటే ఆ చోటుకున్న ప్రత్యేకతే తేడాగా కనబడొచ్చు.

అయినా ఒక పెద్ద లోటు మిగిలింది. చెడకముందు ఆ నేల ఎలా ఉండేదో కొలత లేదు. "ముందు" లేకుండా "తర్వాత"ని ఎలా నిరూపిస్తాం? మత్స్యకారుల మాట నాకు చాలు, కానీ అధికారుల ముందు చాలదు. ఆ "ముందు" అడుగులోనే పూడి ఉండవచ్చని అప్పుడు తట్టింది. గ్రాబ్ నేలని కలిపేసి పైకి తెస్తుంది, పొరలు చెదిరిపోతాయి. పొరలు కావాలంటే కోర్ తియ్యాలి. డైవర్లు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాలు చేత్తో గుచ్చి, పైనా కిందా రబ్బరు మూతలు బిగించి, నిటారుగా పైకి తెచ్చారు.

మొదటి కోర్

బోటు మీదే ఒక గొట్టాన్ని నిలువునా చీల్చాం. పైన తొమ్మిది సెంటీమీటర్లు నల్ల బురద. దాని కింద కత్తితో గీసినట్టు ఒక గీత. గీత కింద గోధుమ బూడిద రంగు గుల్ల ఇసుక. ఆ ఇసుకలో నాలుగు ఆల్చిప్పలు. రెండు చిప్పలూ మూసుకుని, బతికి ఉన్నప్పుడు ఎలా నిలబడతాయో అలాగే నిటారుగా ఉన్నాయి. ఒకదాన్ని గోటితో విప్పాను. లోపల మాంసం లేదు, పల్చటి నల్ల రొచ్చు.

ఆ క్షణంలోనే మా అనుమానితుల జాబితా కుదించుకుపోయింది. మా లెక్కలో నలుగురున్నారు: పైపు, బోర్డు వలలు, బయట లంగరేసుకుని ఎదురుచూసే ఓడల గొలుసులు, తవ్వకం బురద. బోటు వెనక వలని విప్పారి ఉంచే బరువైన బోర్డులు అడుగుని దున్నుకుంటూ పోతాయి. వాటి పని అయితే చిప్పలు విరగాలి, జతలు విడిపోవాలి, పొరలు కలిసిపోవాలి. లంగరు గొలుసు కూడా అంతే. పైపు అయితే మెల్లగా, నెలల తరబడి జరగాలి. మెల్లగా జరిగేదయితే ఆల్చిప్ప పైకి జరిగో, చచ్చి నోరు తెరిచో ఉంటుంది. కొద్దిపాటి మట్టి పడితే చాలా ఆల్చిప్పలు తవ్వుకుని పైకి రాగలవు. ఇసుకలో బతికే జీవి మీద మెత్తటి బురద ఒక్కసారిగా తొమ్మిది సెంటీమీటర్లు పడితే రాలేదు. ఇవి నిలబడ్డ చోటే పూడిపోయాయి.

అయితే పైపుని అంత తొందరగా వదల్లేదు. ఊరివాళ్ల ప్రధాన సాక్ష్యం నలుపు రంగు కదా. అందుకే ఆ బురదని ప్లాస్టిక్ ట్రేలో పల్చగా పరిచి, బోటు మీద నీడలో పెట్టాం. సాయంత్రానికి పైన గోధుమ రంగు తిరిగింది. వేలితో గీస్తే కింద ఇంకా నలుపే. ఆక్సిజన్ లేని బురదలో ఇనుము, గంధకం కలిసి నల్లబడతాయి, గాలి తగిలితే ఆ నలుపు పోతుంది. బొగ్గయినా తారయినా అలా పోదు. బతికున్న నేలలో పురుగులు, పీతలు బొరియలు తవ్వి నీళ్లని లోపలికి పంపుతుంటాయి. పొలంలో వానపాము చేసే పనే అది. అవి చచ్చిపోతే నలుపు పైదాకా వస్తుంది. అంటే ఆ నలుపు కంపెనీ పూసిన రంగు కాదు, ఊపిరాడని నేల రంగు.

ఊపిరి ఆడకపోవడానికి ఫ్యాక్టరీ నీళ్లూ కారణం కావచ్చు కాబట్టి ఇంకో పరీక్ష. పైపు కారణమైతే పైపు నోటి దగ్గర నష్టం ఎక్కువగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ తగ్గాలి. పైపుకీ చెడిన చోటుకీ మధ్య మేం దింపిన ప్రతి గ్రాబ్‌లోనూ జీవాలున్నాయి. నోటి దగ్గర కాపిటెల్లా పురుగులు కొంచెం ఎక్కువ ఉన్నమాట నిజమే, దాన్ని రిపోర్టులో రాశాం. కానీ ఈ పీతల చోటుని చంపింది అది కాదు.

చివరి ముడి జల్లెడలో విడిపోయింది. పై బురదని కడిగితే గోరంత ఆల్చిప్పల ఖాళీ చిప్పలు మిగిలాయి. మైటిలోప్సిస్ సాలీ. స్తంభాలకి అతుక్కుని బతికే ఆ జీవి బయటి సముద్రంలో 27 మీటర్ల లోతు ఇసుక మీద బతకదు. కింది పొరలో ఒక్కటీ లేదు. కంట్రోల్ చోట్లలోనూ లేదు. ఈ బురద ఏదో ఒక హార్బర్ లోపలి నుంచి వచ్చింది.

ఊళ్లో చెప్పడం

పైపు మీద కోపంతో రెండేళ్లు గడిపిన ఊరికి "పైపు కాదు" అని చెప్పడం ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. అమ్ముడుపోయామనుకుంటారు. అందుకే ముందు రిపోర్టు చదవలేదు. రామాలయం అరుగు మీద ట్రే పెట్టాం, చీల్చిన కోర్ పెట్టాం. క్యారియర్ తెచ్చినావిడ ముందుకొచ్చి, మూసి ఉన్న ఆల్చిప్పని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "పాపం, నోరు కూడా తెరవనేదు" అంది. ఆ తర్వాత ఎవరూ నన్ను అనుమానించలేదు.

ఏం పని చేసింది

తీరంలో తవ్వకాలు చేసేవాళ్లు ఒక్కరు కాదు. అందుకే ఎవరి మీదా నింద వెయ్యకుండా పర్యావరణ అనుమతుల షరతులు, ఆరు నెలలకోసారి దాఖలు చేయాల్సిన రిపోర్టులు చూశాం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ఆ రిపోర్టులు తప్పనిసరి. దొరకని కాగితాలకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. తేదీలు సరిపోయింది ఒక్క పనికే. ఆ కాంట్రాక్టరుని కలిసి హాపర్ డ్రెడ్జర్ తిరిగిన దారి అడిగాం. హాపర్ అంటే అడుగున తలుపులున్న ఓడ, బురద నింపుకుని వెళ్లి, తలుపులు తెరిచి వదులుతుంది. ఎక్కడ తెరిచారో జీపీఎస్‌లో ఉంటుంది.

మా వాళ్లలో కొందరు ముందే పత్రికలకెక్కుదామన్నారు. నేను వద్దన్నాను. రికార్డు వాళ్ల చేతిలో ఉంది, గొడవ మొదలైతే అది బయటికి రాదు. వాళ్లు ఇచ్చారు. వానాకాలంలో సముద్రం పోటెక్కిన రోజుల్లో కొన్ని ట్రిప్పులు కేటాయించిన చోటికి చేరకముందే తలుపులు తెరిచారు. నిండు ఓడతో ఆ అలల్లో వెళ్లడం ప్రమాదమని కెప్టెన్ చెప్పిన కారణం. ఆ మాటని నేను నమ్ముతున్నాను. కానీ ఆ భద్రతకి మూల్యం చెల్లించింది పీతల వలలవాళ్లు.

ఒప్పందంలో మొదటి అంశం: నిర్ణీత హద్దులోకి వెళ్తే తప్ప తలుపులు తెరుచుకోని ఏర్పాటు. రెండోది: అలలు మితిమీరిన రోజున తవ్వకమే ఆపాలి. నెలనెలా ఓడ తిరిగిన దారి ఊరి కమిటీకి చూపించాలి. వలలు పోయినవాళ్లకి కొంత పరిహారం వచ్చింది. బుట్టలు మోసి పీతలమ్మే ఆడవాళ్లకి రాలేదు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అది.

మరి చచ్చిన నేల సంగతి? బురద తవ్వి తీసేద్దామన్నారు, పైన ఇసుక పోద్దామన్నారు. రెండూ వద్దన్నాను. ఏది చేసినా ఇంకోసారి పూడ్చినట్టే. చుట్టూ బతికున్న నేల ఉంది, అక్కడి జీవాల లార్వాలు, అంటే కంటికానని పిల్లలు, నీళ్లలో కొట్టుకొచ్చి దిగుతాయి. చేయాల్సింది వాటిని కదపకుండా ఉంచడం. ఇక్కడే బోర్డు వలల సంగతి మళ్లీ వచ్చింది. చెడిన చోటు నడుమ పొరలు చెక్కుచెదరలేదు. దక్షిణపు అంచున మాత్రం నలుపూ ఇసుకా కలిసిపోయి, చిప్పలు విరిగి ఉన్నాయి. ధ్వనితో అడుగు బొమ్మ తీసే సైడ్‌స్కాన్ సోనార్ తిప్పితే అక్కడ జంట గీతలు నాగటి చాళ్లలా కనబడ్డాయి. చంపింది బోర్డులు కాదు, కానీ కోలుకోనివ్వకుండా చేసేది అవే. చట్టం ప్రకారం మరబోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు లాగకూడదు. రాత్రిళ్లు లాగేవాటిలో ఊరివాళ్ల బంధువుల సోనా బోట్లు అనే మరబోట్లు కూడా ఉన్నాయి.

అది అధికారులతో అయ్యే పని కాదు. ఊరే కట్టుబాటు పెట్టుకుంది: రెండేళ్లు ఆ చోట బోర్డు వల లాగకూడదు, లాగినవాడు జరిమానా కట్టాలి. హద్దు చూపడానికి నీటి మీద తేలే జెండా బోయలు కడితే వారంలో మాయమయ్యాయి. రాత్రి గేలాలకి వెళ్లే తెప్పలవాళ్లు ఫోన్లో చోటు చూసుకుంటూ కాపలా కాయడం మాత్రం నిలబడింది.

ఆరు నెలలకి సన్నటి పురుగులు వచ్చాయి. ముందు వచ్చేవి ఎప్పుడూ అవే, వాటిని చూసి సంబరపడకూడదు. ఏడాది దాటాక ఇసుక గొట్టాలు కట్టుకునే పెద్ద పురుగులు, నక్షత్రచేపల్లాంటి బ్రిటిల్ స్టార్లు, గోరంత ఆల్చిప్పలు కనబడ్డాయి. కోర్ పైన గోధుమ రంగు పొర మొదట కాగితమంత ఉండేది, రెండో ఏడాది చివరికి మూడు సెంటీమీటర్ల లోతుకి దిగింది. పీతలు కొన్ని వస్తున్నాయి. పాత గుల్ల ఇసుక మాత్రం తొమ్మిది సెంటీమీటర్ల కిందే ఉంది. ఆ చోటు ఇప్పుడు వేరే నేల, దాని మీద వేరే జీవాలు స్థిరపడుతున్నాయి. పాతది తిరిగొచ్చిందని నేను ఊరికి చెప్పలేదు.

దీని తర్వాత నా పద్ధతి మారింది. అడుగు గురించి ఫిర్యాదు వస్తే మొదటి రోజే కోర్ తీస్తాను, నీళ్లు తర్వాత. నేల తీరు గురించి మత్స్యకారుల చేతిని పూర్తిగా నమ్ముతాను. కారణం ఎవరన్న విషయంలో వాళ్ల మాటనీ, నా ఊహనీ ఒకేలా పరీక్షిస్తాను. కారణం తేలేదాకా నీళ్లలోకి ఒక్క రాయి కూడా దింపనివ్వను.

దక్షిణపు అంచు ఇంకా తేరుకోలేదు. వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆలోపే అక్కడ ఆరు కోర్లు తియ్యాలి, బోట్లు దిగాక తీస్తే పాత గీతేదో కొత్త గీతేదో తేల్చలేం. తాతకి ఒంట్లో బాగోలేదు. ఈసారి తాడు మనవడు పట్టుకుంటానన్నాడు.